యాత్రికులు చూడని తిరుపతి

తిరుపతిలో గది తీసుకునేవాళ్లకు ఊరితో పెద్దగా పని ఉండదు. రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం, ఆర్టీసీ బస్టాండు ఎదుట శ్రీనివాసం, వాటి చుట్టూ సందుసందునా చిన్న లాడ్జీలు, కులసత్రాలు. సామాను దించి, స్నానం చేసి, కొండ బస్సెక్కుతారు. దర్శనం ముగించుకుని లడ్డూల సంచితో దిగి, ఓ కునుకు తీసి రైలెక్కుతారు. ఏడాది పొడవునా వచ్చేపోయేవాళ్లతోనే బతికే ఊరు ఇది. ఈ ఊరికి తనదంటూ ఒక పండుగ ఉందని, ఆ వారం రోజులూ ఊరివాళ్లు పొలిమేర దాటరాదన్న కట్టుబాటు ఉందని లాడ్జీలో పడుకున్న మనిషికి తెలిసే దారి లేదు, మే నెలలో ఓ మంగళవారం రాత్రి కిటికీ కింద డప్పు మోగితే తప్ప.

అది గంగమ్మ జాతర చాటింపు. పేపర్లో ముందే వచ్చి ఉంటుంది, వీధివీధినా ఫ్లెక్సీలు కట్టి ఉంటారు, ఫోన్లలో తిరిగే ఉంటుంది. అయినా జాతర మొదలైందన్న కబురు ఊరికి చేరేది డప్పుతోనే. అమ్మ పుట్టిల్లుగా చెప్పుకునే అవిలాల నుంచి పసుపు, కుంకుమ, చీర తెచ్చాక, కైకాల కులస్థులు రాత్రి పొద్దుపోయి చాటింపు వేస్తారు. జాతర ముగిసేదాకా ఎవరూ ఊరు విడిచి పోకూడదని దాని సారాంశం. చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కుర్రవాడికి ఇది కుదిరే పని కాదు. కానీ కొందరు సెలవు పెట్టి మరీ వచ్చి, వారం రోజులూ ఊళ్లోనే ఉంటారు.

గంగమ్మ వేంకటేశ్వరుడికి చెల్లెలని ఇక్కడి నమ్మకం. అన్న దగ్గరికి కాలినడకన పోవాలంటే అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కాలి. చెల్లెలు కింద, ఊరి ఇళ్ల మధ్య తాతయ్యగుంటలోనే ఉంటుంది. జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున అమ్మకు సారె వస్తుంది. పై దేవుడికి లోకమంతా భక్తులే, కింది అమ్మను మాత్రం ఊరివాళ్లు ఇంటి ఆడబిడ్డలాగే చూసుకుంటారు. గుడి దేవాదాయ శాఖ కింద ఉంది. పాత గుడిని రాతితో కొత్తగా కట్టి, 2023 జాతరకు ముందు కుంభాభిషేకం చేశారు.

జాతర వెనుక కథ ఒక పాలెగాడిది. పెళ్లయిన ప్రతి ఆడపిల్లా మొదటి రాత్రి తన దగ్గరికే రావాలని శాసించిన దుర్మార్గుడు. అవిలాలలో దొరికి పెరిగిన గంగమ్మ మీద కన్నేసి చెయ్యి పట్టుకోబోతే, ఆమె విశ్వరూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేసింది. తిరుపతి వీధుల్లో ఏటా నడిచేది ఆ వేటే.

చాటింపు మర్నాడు బుధవారం బైరాగి వేషం, ఒంటి నిండా తెల్లటి నామం సుద్ద. గురువారం బండవేషం, ఒళ్లంతా కుంకుమ. ఆ రోజు వేషగాడు ఎదురొచ్చినవాణ్నల్లా బూతులు తిడతాడు. తిట్టించుకున్నవాళ్లు కోపం తెచ్చుకోరు, అది అమ్మ తిట్టే తిట్టు. శుక్రవారం తోటివేషం, బొగ్గుపొడి, వేపాకు. వీధుల్లో ఐదారేళ్ల పిల్లల్ని కూడా నల్లగా పూసి, నడుముకు వేపమండలు కట్టి గుడికి నడిపించుకొస్తుంటారు తల్లులు. ఆటలమ్మ, తట్టు, ఎండదెబ్బ భయాలున్న మే నెలలో ఈ మొక్కులు ఎందుకు పుట్టాయో ఊహించడం కష్టం కాదు.

శనివారం దొరవేషం. దొర వచ్చాడని నమ్మి, దాక్కున్న పాలెగాడు బయటికొస్తాడు, అమ్మ వాడి తల నరుకుతుంది. కథ అక్కడితో అయిపోవాలి కదా! అవదు. మర్నాడు ఆమె మాతంగి వేషంలో వాడి ఇంటికెళ్లి, వాడి ఆడవాళ్లను ఓదారుస్తుంది. చంపిన చేతులతోనే ఓదార్చడం, నా మటుకు, ఈ జాతరలో అన్నిటికన్నా లోతైన ఘట్టం. సోమవారం సున్నపుకుండల వేషం, నెత్తిన చిల్లులున్న కుండ.

ప్రధాన వేషాలు కట్టే హక్కు తరతరాలుగా కైకాల కుటుంబాలదే. నేత నేసిన కులం వాళ్లది. మొక్కుకున్న మగవాళ్లు మాత్రం ఎవరైనా చీర కట్టొచ్చు. సోమ, మంగళవారాల్లో వందలమంది మగవాళ్లు పట్టుచీర, సవరం, పూలజడ, వడ్డాణం, గాజులతో తయారవుతారు. మీసం ఉన్నవాడు మీసంతోనే కడతాడు. చీర కట్టడం అక్కో, భార్యో, అమ్మో నేర్పుతారు. 2024 డిసెంబరులో 'పుష్ప 2' విడుదలై అల్లు అర్జున్ చీరకట్టులో ఆడిన జాతర ఘట్టం దేశమంతా చూసింది. చాలామందికి అది సినిమా కల్పన అనిపించి ఉంటుంది. తిరుపతి ఆడపడుచులకు అలా అనిపించదు, వాళ్లకు అది ఇంట్లో ఏటా కనిపించే తంతు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతరను ఏళ్ల తరబడి చూసి, 2013లో గంగమ్మ మీద ఒక పుస్తకమే రాశారు. లోకమంతా ఆడదైపోయే వేళ అన్న అర్థం వచ్చేలా ఉంటుంది దాని పేరు.

మంగళవారం అసలు జాతర. గుడి చుట్టూ పొంగళ్ల పొయ్యిలు, రాగి అంబలి బిందెలు, కోళ్లు, మేకలు. గోపురం ఆకారంలో కట్టిన సప్పరాలను నెత్తిన మోస్తూ మొక్కు తీర్చుకునేవాళ్లకు దారివ్వడానికి జనం పక్కకు జరుగుతుంటారు. రాత్రంతా మట్టితో అమ్మ విశ్వరూపం తయారవుతుంది. పెద్ద కళ్లు, ఎర్రటి ముఖం. ఆ రూపం నిలిచేది కొద్దిసేపే. బుధవారం తెల్లవారుజామున పేరంటాలు వేషం కట్టిన మనిషి వచ్చి అమ్మ చెంప తొలగిస్తాడు. అంతే, జనం ఆ మట్టి కోసం ఎగబడతారు. చిటికెడు దొరికినా ఇంటికి పట్టుకెళ్తారు, ఒంట్లో బాగోలేకపోతే నుదుట పెట్టుకోవడానికి.

తిరుపతి ఒక్కటే కాదు, ఈ కాలంలో చిత్తూరు ప్రాంతమంతా గంగమ్మదే. చిత్తూరులో నడివీధి గంగమ్మ, కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మ, వీటికన్నా ముందే పుంగనూరు జమీందారీ ప్యాలెస్‌లో సుగుటూరు గంగమ్మ. ఒక్కోచోట తంతు ఒక్కో తీరు. వేషాల వరస ఇంత పొడుగ్గా సాగేది మాత్రం తిరుపతిలోనే.

చూడాలనుకునేవాళ్లు ఏప్రిల్‌లోనే తేదీలు కనుక్కోవాలి, జాతర సాధారణంగా మే మొదటి మూడు వారాల్లో పడుతుంది. బస్టాండు, రైల్వే స్టేషన్ల నుంచి గుడికి ఆటోలో నిమిషాల్లో చేరొచ్చు. మే సెలవుల రద్దీలో చివరి రెండు రోజులకు గది దొరకడం కష్టం. బుధవారం నుంచి శనివారం దాకా జనం తక్కువ, వేషాలు దగ్గరగా చూడొచ్చు. ఎండ మండిపోతుంది, పొద్దున్నే వెళ్లండి. ఎవరింటి ముందైనా అంబలి గ్లాసు చేతికిస్తే వద్దనకండి. వేషం కట్టినవాళ్ల ఫొటో తీసేముందు ఒక మాట అడగండి, బండవేషం రోజు మరీనూ.