పీడీఎఫ్ పదేపదే మూతపడునేల?

మా ఊరి ఉన్నత పాఠశాల స్వర్ణోత్సవ సంచిక అచ్చునకు సిద్ధమగుచున్న దినములలో, డీటీపీ కేంద్రమున కంప్యూటరు ముందు కూర్చుండి 128 పుటల తుదిప్రతిని తీయించుచుండగా, నాలుగవసారియు అదే జరిగెను. పుటలన్నియు తెరపై చక్కగా కనబడినవి; ప్రింటు ఇచ్చిన కొంతసేపటికి తెర తెల్లబారినది; పిదప ప్రోగ్రాము పనిచేయుట మానినదని చెప్పు చిన్నపెట్టె ఒకటి కనబడి, అంతయు మూతపడినది. "మళ్లీ క్లోజ్ అయిపోయిందండీ మాస్టారూ! ఉండండి, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేస్తాను" అని ఆ కేంద్రపు యువకుడు మౌసు మీద చేయి వేయబోగా నేను వారించితిని. నాలుగు పర్యాయములు ఒకేచోట ఒకేవిధముగా సంభవించిన దోషము మనకేదో సాక్ష్యము చెప్పుచున్నది. ఆ సాక్ష్యమును వినకమునుపే సాక్షిని వెడలగొట్టుట తగదని నా భావము.

ఒకమారు మాత్రము కలిగిన దోషము యాదృచ్ఛికము కావచ్చును. నియతమైన సందర్భమున మరల మరల కలుగు దోషము మాత్రము నియమమునకు లోబడినది. నియమమున్న చోట కారణము గలదు. కారణమున్న చోట దానిని కనుగొను మార్గమును గలదు. ఏది యున్నప్పుడు కార్యము కలుగుచున్నదో, ఏది లేనప్పుడు కలుగకున్నదో, దానినే కారణముగా గ్రహింపవలెనని మన తార్కికులు అన్వయవ్యతిరేకములను పేరిట బోధించిరి. పొగను చూచి నిప్పును నిశ్చయించుటకు వారుపయోగించిన ఆ పద్ధతియే, నేడు పింఛను కాగితమో, హాల్‌టికెట్టో, భూమి పత్రమో తెరువబోయి భంగపడిన సామాన్యునకు సైతము చాలునని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా పీడీఎఫ్ అననేమో తెలిసికొందము. అడోబీ సంస్థ స్థాపకులిరువురిలో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో 'కెమెలాట్' అను పేరిట ఒక ప్రణాళికను రచించిరి. ఏ యంత్రమున సిద్ధపరచిన పత్రమైనను మరియే యంత్రముననైనను అదే రూపమున కనబడవలెను, అదే రూపమున అచ్చు కావలెను అనునది దాని సంకల్పము. ఆ సంకల్పము 1993లో అక్రోబాట్ సాఫ్ట్‌వేరుతోపాటు పీడీఎఫ్ రూపమున సిద్ధించినది. 2008లో ఐఎస్ఓ 32000-1 అను సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఇప్పుడు పీడీఎఫ్‌లను తయారుచేయు ప్రోగ్రాములు లెక్కకు మిక్కిలి. చదువు ప్రోగ్రాములును అనేకము. తయారుచేయువానిలో కొన్ని ప్రమాణమును శ్రద్ధతో పాటింపవు. చదువువానిలో కొన్ని తప్పును సహించును, కొన్ని సహింపలేవు. మన చిక్కులలో పెక్కింటికి మూలమిచ్చటనే యున్నది.

పీడీఎఫ్ ఫైలు లోపలి నిర్మాణము విషయసూచికను చివరిపుటయందు పెట్టుకొన్న గ్రంథమువంటిది. పుటలు, అక్షరాకృతులు, చిత్రములు అన్నియు వేరువేరు వస్తువులుగా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్యతో, ఫైలునందు నిక్షిప్తమై యుండును. ఏ వస్తువు ఎన్నవ బైటువద్ద మొదలగునో తెలుపు పట్టిక సాధారణముగా ఫైలు చివర నుండును. చదువు ప్రోగ్రాము మొదట చివరికి పోయి, ఆ పట్టికను చూచి, అటుపిమ్మటనే మొదటిపుటను తెరపైకి తెచ్చును. డౌన్‌లోడు మధ్యలో తెగిపోయినను, పెన్‌డ్రైవును తొందరపడి లాగివేసినను, పోవునది ఈ తుదిభాగమే గనుక, ముక్కాలు భాగము క్షేమముగా నున్న ఫైలు సైతము తెరుచుకొనక పోవచ్చును. కొన్ని ప్రోగ్రాములు అట్టి స్థితిలో ఫైలంతయు వెదకి పట్టికను తామే మరల కూర్చుకొనును. ఒకచోట తెరుచుకొనని ఫైలు వేరొకచోట తెరుచుకొనుటలోని రహస్యమిదియే.

ఇక క్రాష్ అననేమి? ప్రతి ప్రోగ్రామునకును ఆపరేటింగ్ సిస్టమ్ కొంత స్మృతిస్థలమును, అనగా మెమరీని, హద్దులు నిర్ణయించి ఇచ్చును. ప్రోగ్రాము తనకీయని చోటును చదువబోయినను, వ్రాయబోయినను, ఇతర ప్రోగ్రాములకు హాని కలుగకుండుటకై సిస్టమ్ దానిని అచ్చటికచ్చట నిలిపివేయును. అడిగిన చోటు దొరకక ప్రోగ్రాము తానే దిక్కుతోచక ఆగిపోవుటయు కలదు. కావున తెర మూతపడుట యంత్రముయొక్క చిత్తచాంచల్యము కాదు. హద్దు మీరిన పనిని ఆపిన కాపరి చర్య. ఆ హద్దును మీరునట్లు చేసినదెవరు? ఫైలా, ప్రోగ్రామా, లేక ప్రింటరు, డ్రైవరు మొదలగు పరిసరములా? ఈ మూడింటిలో ఏదో తేలినచో సగము పని యైనట్లే.

తేల్చుటకు పరీక్షలు రెండు. చిక్కు పెట్టుచున్న ఫైలును వేరొక ప్రోగ్రాముతో తెరచుట మొదటిది. చిక్కు పెట్టుచున్న ప్రోగ్రాముతో వేరొక ఫైలును తెరచుట రెండవది. ఇందుకై క్రొత్త సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. క్రోమ్ బ్రౌజరులోను, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోను పీడీఎఫ్ చదువు యంత్రాంగములు వేరువేరుగా నిర్మింపబడినవి. అవి అక్రోబాట్‌తో సంబంధము లేని స్వతంత్ర సాక్షులు. ముగ్గురు సాక్షులును ఒకే ఫైలును చదువలేకపోయినచో దోషము ఫైలుదే యనవచ్చును. అక్రోబాట్ ఒక్కటియే, అదియు ప్రతి ఫైలు వద్దను మూతపడుచున్నచో దోషము ప్రోగ్రామునందో పరిసరములందో యున్నది.

సంచిక విషయమున మేమిదే చేసితిమి. అదే ప్రోగ్రామునుండి వేరొక ఫైలును అచ్చువేయగా నిర్విఘ్నముగా వచ్చినది గనుక ప్రింటరు నిర్దోషి. దోషము మా ఫైలులోనే యున్నది. అయితే 128 పుటలలో ఏ పుటయందు? మొదటి 64 పుటలను అచ్చు వేయించితిమి, వచ్చినవి. 65 మొదలు 96 వరకు వచ్చినవి. 97 నుండి 112 వరకు ఇవ్వగా ప్రోగ్రాము మూతపడినది. అందులో 97 నుండి 104 వరకు వచ్చినవి, 105 నుండి 108 వరకును వచ్చినవి, 109, 110 వచ్చినవి, 111 వచ్చినది, మిగిలినది 112. ప్రతిసారియు సగమునకు సగము త్రోసివేయుచు పోగా 128 పుటలలో దోషమున్న ఒక్కపుటను పట్టుటకు ఏడే పరీక్షలు చాలినవి. సాఫ్ట్‌వేరును తీసి మరల వేయుటకంటె తక్కువ కాలములో పని ముగిసినది.

ఆ 112వ పుటలో పూర్వవిద్యార్థుల పాత గ్రూప్ ఫొటో పుటంతయు పరచియుండెను. స్కాను చేసినవారు స్పష్టత కొరకని అంగుళమునకు 1200 బిందువుల చొప్పున దానిని ఎక్కించిరి. ఏ4 పుటయందు అట్టి బిందువులు సుమారు 13 కోట్ల 92 లక్షలు. అచ్చుకు వలసిన నాలుగు రంగులకు ఒక్కొక్క బైటు చొప్పున లెక్కించినచో దాదాపు 55 కోట్ల 68 లక్షల బైట్లు. ఫైలులో నున్నప్పుడు కుదింపుచే చిన్నదైయుండు ఆ చిత్రము, అచ్చువేళ తన పూర్ణాకారమును దాల్చును. పాత 32 బిట్ల ప్రోగ్రామునకు విండోస్ సాధారణముగా ఇచ్చు చోటు 2 జీబీ మాత్రమే. రంగుల మార్పిడికై అదే చిత్రమునకు మరి రెండుమూడు ప్రతులు కావలసివచ్చినప్పుడు ఆ చోటు చాలదు. ఆఫ్‌సెట్ ముద్రణకు 300 బిందువులు చాలును గనుక ఫొటోను ఆ లెక్కన మరల స్కాను చేయించితిమి. పరిమాణము పదునారవ వంతునకు తగ్గినది. సంచిక మొదటినుండి చివరిదాక ఆగక అచ్చైనది.

ఫైలు దోషములలో మిక్కిలి తరచుగా కానవచ్చునది అసంపూర్ణమైన డౌన్‌లోడు. ఈమెయిలులో నుండి నేరుగా తెరువక, పెన్‌డ్రైవులో నుండి తెరువక, ముందుగా ఫైలును కంప్యూటరు డిస్కుపైకి కాపీచేసి తెరచి చూడవలెను. పంపినవారి యొద్ద నున్న ఫైలు పరిమాణమును మన యొద్ద నున్నదానితో సరిపోల్చవలెను. తేడా యున్నచో మరల తెప్పించుకొనవలెను. పలుమార్లు దిద్ది భద్రపరచిన ఫైలునకు మార్పులన్నియు చివర అతుకులుగా చేరుచుండును గనుక, 'సేవ్ యాజ్' ద్వారా క్రొత్తపేరుతో భద్రపరచినచో ఫైలు మొదటినుండి మరల వ్రాయబడి కొన్ని దోషములు తొలగును. బ్రౌజరులో తెరుచుకొనిన ఫైలును అచ్చటినుండి ప్రింటు ఆజ్ఞతో క్రొత్త పీడీఎఫ్‌గా తీయుటయు ఒక ఉపాయము. కాని ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము: ఈ-ఆధార్ వంటి పత్రములందు డిజిటల్ సంతకముండును, అట్లు తీసిన క్రొత్త ప్రతిలో ఆ సంతకము నిలువదు. కావున మూలప్రతిని ఎన్నడును చెరుపరాదు.

దోషము ప్రోగ్రామునదని తేలినప్పుడు క్రమమును పాటింపవలెను; ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. నాలుగింటిని ఒక్కసారి మార్చి రోగము కుదిరినచో ఏ మందు పనిచేసినదో తెలియదు. మరల తిరుగబెట్టినప్పుడు మొదటికే రావలసియుండును. ప్రోగ్రామునకు వచ్చిన తాజా అప్‌డేటును వేయుట మొదటి మెట్టు. అక్రోబాట్ తెరచునప్పుడు షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకొన్నచో అదనముగా చేరిన ప్లగిన్లు లేకుండ తెరుచుకొనును. అప్పుడు చిక్కు లేనిచో నేరస్థుడు ఆ ప్లగిన్లలో నున్నాడు. ప్రిఫరెన్సెస్‌లో పేజీ డిస్‌ప్లే భాగమునందు గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ కనబడినచో దానిని ఆపి చూచుట వేరొక మెట్టు. ఆపినంతనే కుదిరినచో గ్రాఫిక్స్ డ్రైవరును సరిచేయవలెను. హెల్ప్ మెనూలోని రిపేర్ ఇన్‌స్టలేషన్ తరువాతి మెట్టు. సాఫ్ట్‌వేరును పూర్ణముగా తీసి మరల వేయుట తుదిమెట్టు మాత్రమే. ఏలననగా చెడిన అమరికలు పెక్కుమార్లు వాడుకరి ఖాతాలో నిలిచియుండి, క్రొత్తగా వేసిన ప్రోగ్రామును సైతము పట్టుకొనును. విండోస్‌లో క్రొత్త వాడుకరి ఖాతా నొకదానిని తెరచి అందులో పరీక్షించినచో ఈ సంగతి తేటపడును.

పరిసరములలో ముఖ్యమైనది ప్రింటరు. అచ్చు వేయనప్పుడు సైతము పత్రదర్శక ప్రోగ్రాములు డిఫాల్ట్ ప్రింటరు వివరములను అడుగుచుండును. ఆ డ్రైవరు చెడియున్నచో ఫైలు తెరచినంతనే చిక్కు వచ్చుటయు కలదు. మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ను తాత్కాలికముగా డిఫాల్టుగా పెట్టి చూచినచో నిజము తెలియును. తెలుగు అక్షరాకృతులు సరిగా పొదుగబడని ఫైలు అచ్చువేళ మొరాయించినచో, ప్రింటు పెట్టెలోని అడ్వాన్స్‌డ్ భాగమునందు 'ప్రింట్ యాజ్ ఇమేజ్' అనుదానిని ఎన్నుకొన్న పక్షమున పుట చిత్రముగా మారి పోవును. అక్షరముల తగవు ప్రింటరు వరకు చేరదు.

ఇన్ని చేసినను తేలనప్పుడు విండోస్ తానే వ్రాసిపెట్టిన వాఙ్మూలమును చదువవలెను. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెదకి తెరచి, విండోస్ లాగ్స్ క్రింద అప్లికేషన్ అనుదానిలో, మూతపడిన సమయమునకు ఎదురుగా ఎఱ్ఱగుర్తుతో నున్న పంక్తిని చూడుడు. ఏ ప్రోగ్రాము కూలినది, ఏ భాగమునందు తప్పు జరిగినది అచ్చట పేర్లతో సహా ఉండును. తప్పు జరిగిన మాడ్యూలు పేరు ప్రింటరు డ్రైవరుదైనచో ప్రింటరును, గ్రాఫిక్స్ కార్డుదైనచో దాని డ్రైవరును విచారింపవలెను. మరమ్మతు చేయువానికి ఆ పంక్తిని చూపినచో అతని శ్రమయు, మన ధనమును మిగులును.

జాగ్రత్తలు రెండు చెప్పక తప్పదు. ఎరుగనివారి యొద్దనుండి వచ్చిన ఫైలు తెరచినంతనే ప్రోగ్రాము కూలినచో, పట్టుదలతో మరల మరల తెరువరాదు; ప్రోగ్రాములోని లోపమును ఆధారముగా చేసికొని కంప్యూటరులో జొరబడుటకు కావలెనని వికృతముగా కూర్చిన ఫైళ్లును లోకమున కలవు. 2010 నుండి అడోబీ రీడరులో నున్న ప్రొటెక్టెడ్ మోడ్ అట్టి ప్రమాదమునకు అడ్డుగోడ. పరీక్షకై దానిని ఆపినను, పరీక్ష ముగిసినంతనే మరల ఉంచవలెను. రెండవది: చెడిన పీడీఎఫ్‌ను ఉచితముగా బాగుచేయుదుమని పిలుచు ఊరుపేరు తెలియని సైట్లలో ఆధారు, బ్యాంకు పుస్తకము, పట్టాదారు పాసుపుస్తకము వంటి పత్రములను ఎక్కింపకుడు. చెడిన పత్రమును ఇచ్చినవారినుండి మరల తెచ్చుకొనవచ్చును. పరుల పాలైన పత్రమును వెనుకకు తెచ్చుకొనజాలము.

కంప్యూటరు ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకము నుంచుడు. మూతపడిన తేదీ, వేళ, ఫైలు పేరు, అప్పుడు మీరు చేయుచున్న పని, పిదప మీరు మార్చినది ఏమి, దాని ఫలితమేమి, ఈ ఆరింటిని వ్రాసికొనుడు. మా డీటీపీ కేంద్రపు యువకుడు అట్టి పుస్తకము నిప్పుడు ఉంచుకొనుచున్నాడు. అందు మొదటి పంక్తి 112వ పుటను గూర్చినది.