కాకిబంగారం వెనక పసి ఊపిరి

మీ డ్రెస్సింగ్ టేబుల్ మీదున్న ఐషాడోనో, లిప్‌స్టిక్‌నో ఒకసారి చేతిలోకి తీసుకోండి. వెనకవైపు సన్నటి అక్షరాల్లో ‘మైకా’ అనో, ‘సీఐ 77019’ అనో ఉందేమో చూడండి. ఉంటే అది అభ్రకమే. మన పెద్దవాళ్లు కాకిబంగారం అని పిలిచిన రాయి. వెలుతురు పడితే తళుక్కుమంటుంది, పొరలు పొరలుగా ఊడి వస్తుంది, వేడినీ కరెంటునీ తట్టుకుంటుంది. అందుకే ముఖానికి రాసుకునే రంగుల్లో, కారు పెయింటులో, కొన్ని టూత్‌పేస్టుల్లో, హెయిర్ డ్రయర్ లోపల వేడితీగను చుట్టే పలకల్లో దీన్ని వాడతారు.

చర్మానికి దీనితో సాధారణంగా ఇబ్బందేమీ ఉండదు. హాని జరిగేదల్లా ఇది మీ ఇంటికి రాకముందే. మన దేశంలో దొరికే అభ్రకంలో పెద్ద వాటా ఝార్ఖండ్‌లోని కోడెర్మా, గిరిడీహ్ జిల్లాల నుంచీ, పక్కనే ఉన్న బిహార్‌లోని నవాదా నుంచీ వస్తోంది. అక్కడ చాలాచోట్ల దాన్ని తవ్వుతున్నది అనుమతి ఉన్న కంపెనీలు కాదు. పూట గడవని కుటుంబాలు, వాళ్ల పిల్లలు.

గనులు మూతపడ్డాయి.. పని ఆగలేదు

కోడెర్మాకు ఒకప్పుడు ‘అభ్రక నగరి’ అని పేరు. బ్రిటిష్ కాలంలో మన గూడూరు ప్రాంతం లాగే అదీ అభ్రకంతోనే వెలిగింది. రేడియో వాల్వుల నుంచి విద్యుత్ యంత్రాల దాకా అన్నిటికీ ఈ రాయి కావాల్సి వచ్చేది. తర్వాత కృత్రిమ పదార్థాలు వచ్చాయి. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ కూలిపోయింది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టంతో అడవుల్లోని లీజుల మీద ఆంక్షలు పడ్డాయి. ఒక్కొక్కటిగా గనులు మూతపడ్డాయి.

కానీ గుంతలు అలాగే ఉన్నాయి. పక్కన పోసిన వ్యర్థాల గుట్టలూ ఉన్నాయి. ఆ గుట్టల్లో దొరికే అభ్రకం తునకల్ని అక్కడివాళ్లు ‘ఢిబ్రా’ అంటారు. పెద్దలు పాత గుంతల్లోకి ఎలుక కన్నాల్లాంటి సొరంగాలు తవ్వుతారు. ఆడవాళ్లు, పిల్లలు పైన కూర్చుని తునకలు ఏరి, జల్లించి, బుట్టలకెత్తుతారు. ఊళ్లోకొచ్చే వ్యాపారి కిలోకు కొద్ది రూపాయలిచ్చి పట్టుకెళతాడు. అక్కణ్నుంచి గోదాముకు, ఎగుమతిదారుకు చేరుతుంది. దారిలో ఎక్కడో ఓ బిల్లు పుడుతుంది. తవ్వినప్పుడు అక్రమమైన సరుకు, ఓడ ఎక్కేసరికి సక్రమమైపోతుంది.

అంటే, మూతపడినవి గనులే. పని ఆగలేదు. పోయినవల్లా హాజరు పట్టీ, కూలి చీటీ, మాస్కు, వైద్య పరీక్ష, ప్రమాదం జరిగితే వచ్చే పరిహారం.

ఎవరు దిగుతున్నారు?

‘చట్టవిరుద్ధమని తెలిసీ ఎందుకు వెళ్లడం?’ అని మీకు అనిపించొచ్చు. వెళ్లేవాళ్లెవరో చూస్తే జవాబు దొరుకుతుంది. వాళ్లలో ఎక్కువమంది భూమి లేనివాళ్లు, లేదా వానకు మాత్రమే పండే చెక్క భూమి ఉన్నవాళ్లు. దళితులు, ఆదివాసీలు, వెనకబడిన కులాలవాళ్లు. పంట ఒక్కటే. కోత అయ్యాక ఊళ్లో మరో పని ఉండదు. మగవాళ్లు దూరపు నగరాలకు వలసపోతే, ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్లకు చేతికందే ఆదాయం ఈ ఢిబ్రానే. దీనికి పెట్టుబడి అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. పైగా సాయంత్రానికల్లా చేతిలో డబ్బు పడుతుంది.

మరి పిల్లలు? ఇంట్లో చూసుకునేవాళ్లు లేక తల్లి చంటిపిల్లను వెంట తెచ్చుకుంటుంది. ఆ పిల్ల నాలుగేళ్లకల్లా తునకలు ఏరడం నేర్చేసుకుంటుంది. ఇంకాస్త ఎదిగాక, పెద్దవాళ్లు పట్టని ఇరుకు సందుల్లోకి దూరగలుగుతుంది. బడి దూరం, దాని ఫలితం ఇంకా దూరం. గుట్ట మాత్రం ఇంటి పక్కనే. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2018లో జరిపిన సర్వేలో కోడెర్మా, గిరిడీహ్‌లలోని అభ్రకం ప్రాంతాల్లో 6-14 ఏళ్ల పిల్లలు 4,545 మంది బడికి వెళ్లడం లేదని తేలింది. ఢిబ్రా ఏరడం దానికి ఒక కారణం.

సొరంగం కూలితే ఆ సంగతి బయటికి రావడమే అరుదు. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు బిహార్, ఝార్ఖండ్, రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్‌లలో వాకబు చేస్తే.. జూన్ నుంచి రెండు నెలల్లోనే ఏడుగురు పిల్లలు అక్రమ అభ్రక గనుల్లో చనిపోయినట్టు వెల్లడైంది. పోలీసులకు చెబితే కేసవుతుంది, ఉన్న కాస్త ఆదాయమూ పోతుంది. అందుకే కుటుంబాలు వ్యాపారి చేతిలో పెట్టింది తీసుకుని నోరు మూసుకుంటాయి.

ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

కూలిన సొరంగం కనిపిస్తుంది. దుమ్ము చేసేది కనిపించదు. అభ్రకం ఒంటరిగా దొరకదు, పలుగురాయితో కలిసే ఉంటుంది. పలుగురాయి అంటే సిలికా. దాన్ని పగలగొట్టినప్పుడు, జల్లించినప్పుడు లేచే ధూళిలో మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువులుంటాయి. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు. అవి నేరుగా ఊపిరితిత్తుల చివరన ఉండే గాలిగదుల్లోకి చేరతాయి. శరీరంలోని రక్షణ కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేక చచ్చిపోతాయి. ఆ చోట వాపు, తర్వాత మచ్చ. ఇలా మచ్చ మీద మచ్చ పడి, మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్.

ఇది మామూలుగా పదేళ్లు దాటాక బయటపడుతుంది. దుమ్ము విపరీతంగా ఉంటే అంతకన్నా ముందే రావొచ్చు. అంటే ఆరేళ్లకు గుట్ట ఎక్కిన పిల్లకు ఇరవై ఏళ్లు రాకుండానే ఆయాసం మొదలవ్వొచ్చు. పడిన మచ్చల్ని పోగొట్టే మందు లేదు. పని మానేశాక కూడా జబ్బు ముదరొచ్చు. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తుల్లోకి క్షయ తేలిగ్గా వస్తుంది. రెండింట్లోనూ దగ్గు, ఆయాసం, బరువు తగ్గటం ఉంటాయి కాబట్టి ఒకదాన్ని మరొకటిగా పొరబడటమూ ఎక్కువే. క్షయ మందులు వాడినా ఆయాసం తగ్గడం లేదంటే, ‘మీరేం పని చేసేవారు?’ అనే ఒక్క ప్రశ్న అసలు జబ్బును పట్టించగలదు.

జబ్బే మళ్లీ గుంతలోకి నెడుతుంది

మధ్యతరగతి ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే సెలవు పెడతారు, బీమా చూసుకుంటారు. ఢిబ్రా మీద బతికే ఇంట్లో తండ్రికి ఆయాసమొస్తే మొదట పోయేది కూలి. తర్వాత అప్పు. అప్పిచ్చేది చాలాసార్లు సరుకు కొనే వ్యాపారే. అది తీరాలంటే ఇంకో రెండు చేతులు గుట్ట ఎక్కాలి. ఆ చేతులు పిల్లలవి. తండ్రికి జబ్బు తెచ్చిన దుమ్మే కొడుకును బడి మాన్పించి తనలోకి లాక్కుంటుంది.

సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా చట్టం గుర్తించింది. 18 ఏళ్లలోపు వాళ్లను గనుల్లో పెట్టుకోకూడదనీ చెప్పింది. కానీ యజమానే లేని గనిలో ఈ చట్టం ఎవర్ని పట్టుకుంటుంది? దాడులు చేసి గుంతలు పూడ్చేస్తే నాలుగు రోజులు పని ఆగుతుంది. ఆకలి ఆగదు కాబట్టి మరోచోట మరింత లోతు గుంత పడుతుంది.

కొనడం మానేస్తే సరిపోతుందా?

చాలామందికి మొదట తట్టే ఆలోచన ఇదే. కొన్ని కంపెనీలు ప్రయోగశాలలో తయారైన కృత్రిమ అభ్రకానికి మారాయి కూడా. కానీ వేరే పని చూపించకుండా అభ్రకం కొనడమొక్కటే ఆపేస్తే ఆ ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది. 2017లో కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ‘రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్’ను ఏర్పాటు చేసుకున్నది సరుకు ఎక్కణ్నుంచి వస్తోందో ఆరా తీయడానికీ, ఆ ఊళ్లలో బడి, వైద్యం, ఇతర ఉపాధి పెంచడానికీ. ‘మీ మైకా ఎక్కడిది? పిల్లలు ఏరింది కాదని ఎలా చెప్పగలరు?’ అని కొనుగోలుదారుగా మీరు కంపెనీకి ఒక మెయిల్ పెట్టొచ్చు. ఇలా అడిగేవాళ్లు పెరిగితే జవాబు చెప్పక తప్పదు.

మీ ఇంటి గుమ్మంలోనూ ఇదే దుమ్ము

సిలికా కోడెర్మాలోనే లేదు. మీ వంటగదిలో పరిచే గ్రానైటులో, టైల్స్‌లో, ఇసుకలో కూడా ఉంటుంది. ఇంట్లో పని చేయించుకుంటున్నప్పుడు వీటిని గుర్తుంచుకోండి.

* రాయిని, టైల్స్‌ను పొడిగా కోయనివ్వొద్దు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు అణిగిపోతుంది.

* ముఖానికి కట్టుకునే తువ్వాలు ఈ రేణువుల్ని ఆపదు. కోసేవాళ్లకు ఎన్95 మాస్కు ఇవ్వండి. ఆ ఖర్చు మీరే పెట్టుకోండి.

* పోగైన పొడిని చీపురుతో ఊడ్పించొద్దు. తడి గుడ్డతో తుడిపించండి. పిల్లల్నీ, ఆస్తమా ఉన్నవాళ్లనూ ఆ గదికి దూరంగా ఉంచండి.

* రాతి పని చేసేవాళ్లకు దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రికి పంపండి. కఫం పరీక్షతో పాటు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమనండి. తాము చేసే పనేంటో డాక్టరుకు తప్పకుండా చెప్పమనండి.

* మేస్త్రీ వెంట బడి ఈడు పిల్లలు పనికొస్తే ఊరుకోవద్దు. 1098కి ఫోన్ చేయండి. ఆ పిల్లవాడు పనికెందుకు వచ్చాడో కూడా కనుక్కోండి. చాలాసార్లు ఇంట్లో ఎవరో మంచం పట్టి ఉంటారు. వాళ్లకు వైద్యం అందితే పిల్లవాడు మళ్లీ బడికి వెళ్లే వీలుంటుంది.