సాయంత్రం అయిదు గంటల పిలుపు

ద్రాక్షతోట కూలీల ఉపమానాన్ని (మత్తయి 20:1-16) తోట్లవల్లూరు ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. పసుపు తవ్వడానికో, చెరకు కొట్టడానికో, అరటి గెలలు మోయడానికో తెల్లవారకముందే కూలీలు కదిలే ఊళ్లివి. పొద్దెక్కేదాకా పని దొరకనివారు ఇంటిముఖం పట్టాల్సిందే. కానీ ప్రభువు చెప్పిన ఆ యజమాని సాయంత్రం అయిదు గంటలకు కూడా కూలీలను వెదుకుతూ వెళ్లాడు. పొద్దంతా ఖాళీగా ఎందుకున్నారని అడిగాడు. తమను ఎవరూ పిలవలేదన్నారు వాళ్లు. ఆయన పిలిచాడు.

నలభయ్యేళ్ల వయసులో వైద్యసేవలో అడుగుపెట్టాలనుకునే విశ్వాసుల పరిస్థితి కూడా ఇంతే. మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి సేవచేసినప్పుడు ఒకరికి ఆ కోరిక పుడుతుంది. భర్తను పోగొట్టుకుని ఆస్పత్రి వరండాలో కూర్చున్న రాత్రి మరొకరికి పుడుతుంది. ‘ఈ వయసులో నీకెందుకమ్మా?’ అన్న మాట ఇంట్లోనే కాదు, ఒక్కోసారి మందిరంలోనూ వినబడుతుంది. మోషే ఫరో ఎదుట నిలిచేనాటికి ఎనభయ్యేళ్లవాడని (నిర్గమ 7:7) మనమే ప్రసంగాల్లో చెబుతాం. పక్కింటి సహోదరి నలభైలో చదువుతానంటే మాత్రం నవ్వుతాం.

ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్ జీవితం ఈ సందర్భంలో తలచుకోదగినది. ఆమె 1918లో జన్మించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నర్సుగా శిక్షణ పొందారు. నడుంనొప్పి ఆ వృత్తిలో కొనసాగనివ్వలేదు. రోగుల కుటుంబాల కష్టసుఖాలు చూసే ఆస్పత్రి సామాజిక కార్యకర్తగా మారారు. 1945లో క్రీస్తును వ్యక్తిగతంగా తెలుసుకున్నారు. 1948లో డేవిడ్ టాస్మా అనే యూదు శరణార్థి క్యాన్సర్‌తో మరణిస్తుంటే దగ్గరుండి చూశారు. మరణించబోయేవారి బాధ తగ్గించడమే తన పని అని నిశ్చయించుకున్నారు. ‘అలాగైతే నువ్వు డాక్టరువే కావాలి’ అని ఒక సర్జన్ సలహా ఇస్తే, 33వ ఏట వైద్యవిద్యలో చేరి 1957లో డాక్టరయ్యారు. 1967లో లండన్‌లో ఆమె స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, ప్రపంచవ్యాప్తంగా అంత్యదశ రోగుల సేవకు మాదిరిగా నిలిచింది. 2005లో ఆమె కన్నుమూసింది కూడా అక్కడే.

గమనించండి. నర్సుగా ఆమె చేతులు నేర్చినదీ, సామాజిక కార్యకర్తగా ఆమె చెవులు విన్నదీ వృథా పోలేదు. రెండూ ఆ డాక్టరుకు ఉపయోగపడ్డాయి. దేవుడు మన గత సంవత్సరాలను పారవేయడు, పనిలో పెడతాడు.

మన ఊళ్లలోనూ దీనికి నిదర్శనం ఉంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఆశా కార్యకర్తలను ఎలా ఎంచుకోవాలన్నారు? ఆ ఊరి స్త్రీయే కావాలి, వయసు 25 నుంచి 45 మధ్య ఉండాలి, పెళ్లయినవారికి, వితంతువులకు, విడాకులు పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. లోకం ‘ఇక అయిపోయింది’ అనుకున్న బ్రతుకులే అక్కడ అర్హత అయ్యాయి. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజీ నుంచి సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చింది. అలాంటి వేళ పాములలంక వంటి లంక గ్రామంలో నెలలు నిండిన గర్భిణి ఎవరింట్లో ఉందో, షుగరు మందు ఎవరికి అయిపోయిందో, ముందుగా పడవ ఎక్కించవలసిన వృద్ధుడెవరో తెలిసేది ఎవరికి? ఆ వీధుల్లో ఇరవయ్యేళ్లు బ్రతికిన మనిషికే కదా!

అయితే కోరిక ఒక్కటే చాలదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14:28). ఎంబీబీఎస్ ప్రవేశాలకు గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తొలగించారు. కానీ ఆ పోటీ, ఆ ఖర్చు అందరూ మోయగలిగేవి కావు. జీఎన్‌ఎం నర్సింగ్‌లో సాధారణంగా 35 ఏళ్లలోపు వారికే ప్రవేశం. కాబట్టి మీ వయసుకు ఏ తలుపు తెరిచి ఉందో ముందు విచారించండి. ఆరు నెలల్లో ఉద్యోగమని ఊరించే సంస్థకు డబ్బు కట్టేముందు, ఆ కోర్సుకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ లేదా పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. అప్పు ఎంత, తీర్చేదెవరు అని ఇంటిల్లిపాది కూర్చుని మాట్లాడుకోండి. రాత్రి డ్యూటీలకు ఒళ్లు ఓర్చుకుంటుందా, రక్తం, చీము, మలమూత్రాలు చూసి మనసు వెనక్కి తగ్గదా అన్నది మీ సంఘంలోని ఒక వృద్ధురాలికి నెలరోజులు సేవచేస్తే తెలిసిపోతుంది.

మంచి సమరయుడు (లూకా 10:30-37) వైద్యుడని వాక్యం చెప్పలేదు. దారిన పోయే ప్రయాణికుడు. కానీ జాలిపడి ఊరుకోలేదు. గాయాలు కట్టాడు, తన వాహనం ఇచ్చాడు, సత్రంవాడికి డబ్బు చెల్లించాడు, మళ్లీ వస్తానన్నాడు. సేవకు అంత ఖరీదుంది. ఆ ఖరీదును ఒక్క సహోదరి మీద వేసి సంఘం తప్పుకోకూడదు. కోతపండుగ కానుకల్లో కొంత ఆమె ఫీజుకు పక్కన పెట్టలేమా? ఆమె రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు పిల్లలకు అన్నం పెట్టడానికి స్త్రీల సమాజంలో ఇద్దరు లేరా? ఇంగ్లిషు పాఠం అర్థంకాని రోజున మన కాలేజీ యువకులు ఒక గంట కూర్చోలేరా?

ఏ కోర్సూ దొరక్క ఆయాగానో, ఇళ్లలో వృద్ధులను చూసుకునే పనిలోనో చేరినవారినీ చిన్నచూపు చూడకండి. తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు (యోహాను 13:4, 5) వారి పనిని ఎరుగును. రోగిని దర్శించడం తనను దర్శించడమేనని చెప్పినవాడూ ఆయనే (మత్తయి 25:36-40).

ఈ వారం ఎవరైనా మీ దగ్గరకొచ్చి ఇలాంటి ఆశ చెప్పుకుంటే వయసు అడగకండి. ఏం కావాలో అడగండి. ఆ మాట వినడానికే ఆమె చాలాకాలంగా ఎదురుచూస్తుండవచ్చు.