పనిగది కాలిపోతే...

మస్కట్‌లో చాలా తెలుగు ఇళ్లలో ఒక గది ఉంటుంది. చుట్టాలొస్తే పడుకోవడానికని అనుకున్న గదే, ఎప్పుడో పనిగదిగా మారిపోయింది. ఒకరింట్లో మగ్గం వర్క్ ఫ్రేము, దానిమీద సగం కుట్టిన పెళ్లి జాకెట్టు, చుట్టూ పూసల డబ్బాలు. ఇంకొకరింట్లో కూచిపూడి పిల్లల గజ్జెలు, వడ్డాణాలు, జడలు దాచిన ట్రంకుపెట్టె. మరొకరింట్లో బొమ్మలు, రంగుల సీసాలు, థిన్నర్ డబ్బా. పని పెద్దదైతే ఘలా, వాదీ కబీర్ వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుంటారు.

అలాంటి గది ఒక మధ్యాహ్నం కాలిపోతే? జూన్ ఎండల్లో ఆగకుండా తిరిగే ఏసీ, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించిన ఇస్త్రీపెట్టె, గ్లూ గన్, పక్కనే గుడ్డముక్కల మూట. ఇంతకన్నా ఏం కావాలి!

మంటలు ఆరాక అందరూ ముందుగా అనే మాట ఒకటే: "ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు. వస్తువులదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు." మొదటి మాట అక్షరాలా నిజం. రెండోది సగమే నిజం. కుట్టుమిషను రూవీలో మళ్లీ దొరుకుతుంది. పన్నెండేళ్లుగా ట్రేసింగ్ కాగితం మీద గీసుకున్న డిజైన్లు ఏ దుకాణంలోనూ దొరకవు. ఏ రంగులో ఏది ఎంత కలపాలో రాసుకున్న నోటుపుస్తకమూ దొరకదు. ఇల్లు కాలితే పరామర్శకు వస్తారు. పనిగది కాలితే "హాబీయే కదా" అని తేలిగ్గా తీసేస్తారు. ఆ గదిలో మనిషి బాధ ఆ మాటతో రెట్టింపవుతుంది.

ఈ బాధ పడ్డవారిలో మహామహులున్నారు. 1895 మార్చి 13న న్యూయార్క్‌లో నికోలా టెస్లా ప్రయోగశాల ఉన్న భవనం తగలబడింది. పరికరాలు, నోట్సు, నమూనాలు అన్నీ పోయాయి. బీమా లేదు. విలేకరులు వస్తే మాట్లాడే స్థితిలో కూడా ఆయన లేరు. అదే ఏడాది హ్యూస్టన్ వీధిలో మరో ప్రయోగశాల మొదలుపెట్టారు. ఈ కథను మనం సాధారణంగా చివరి వాక్యం కోసమే చెప్పుకుంటాం. నిజానికి దుఃఖంతో నోట మాట రాని ఆ రోజులు కూడా కథలో భాగమే. కాలిన వారంలోనే "లేచి నిలబడు" అని ఉపన్యాసాలు దంచేవాళ్లు ఆ భాగాన్ని దాటేస్తారు.

మన సినిమా చరిత్రలోనూ బూడిద లోంచి లేచిన గడప ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం తొలినాళ్లలో మద్రాసు మౌంట్ రోడ్డులో దర్శకుడు కె.సుబ్రహ్మణ్యం నడిపిన స్టూడియో అగ్నిప్రమాదంలో దెబ్బతింది. వేలంలో దాన్ని ఎస్.ఎస్.వాసన్ దాదాపు 86 వేల రూపాయలకు కొన్నారు. అదే జెమినీ స్టూడియో. 1942లో కాంచనమాల నటించిన 'బాలనాగమ్మ' అక్కడి నుంచే తెలుగువాళ్ల ముందుకొచ్చింది. అయితే ఒక్క సంగతి గమనించాలి: కాలినవారు ఒకరు, లేచినవారు మరొకరు.

2017లో రెండు నెలల తేడాతో రెండు స్టూడియోల్లో మంటలు రేగాయి. సెప్టెంబరు 16న ముంబయి చెంబూరులోని ఆర్.కె. స్టూడియోలో, నవంబరు 13న హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో. ఆర్.కె.లో రాజ్‌కపూర్ సినిమాల నాటి దుస్తులు, నగలు బూడిదయ్యాయి. తిరిగి కట్టడం గిట్టుబాటు కాదని కుటుంబం తేల్చుకుంది. 2019లో ఆ స్థలం గోద్రెజ్ ప్రాపర్టీస్ చేతికి వెళ్లింది. అన్నపూర్ణలో కాలింది 'మనం' సెట్. అక్కినేని నాగేశ్వరరావు చివరి చిత్రం అది. ఆ సెట్ తమకెంత ఆప్తమైనదో నాగార్జున అప్పుడు చెప్పుకున్నారు. స్టూడియో మాత్రం పని ఆపలేదు. ఇక చాలనుకున్న కపూర్లను ఓడిపోయారని అనలేం. మూసేయడం కూడా ఒక నిర్ణయమే. కాకపోతే అది మొదటి వారంలో తీసుకోవాల్సిన నిర్ణయం కాదు.

మరి మొదటి వారాల్లో ఏం కావాలి? దీనికి నాకు తెలిసినంతలో మంచి జవాబు స్కాట్లండ్ నుంచి వచ్చింది. 2014 మే 23న గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చివరి ఏడాది విద్యార్థులు ప్రదర్శనకు తమ పనులు అమర్చుకుంటున్నారు. ఒక ప్రొజెక్టర్ వేడికి ఫోమ్ నుంచి వెలువడిన వాయువు అంటుకుంది. చార్లెస్ రెనీ మెకింటాష్ కట్టిన ఆ ప్రఖ్యాత భవనంలోని గ్రంథాలయంతో పాటు ఎందరో పిల్లల ఏడాది శ్రమ పోయింది. స్కాటిష్ ప్రభుత్వం ఏడున్నర లక్షల పౌండ్లు ఇచ్చింది. 'ఫీనిక్స్' పేరుతో సుమారు వందమందికి కొన్ని వారాలపాటు పని చేసుకునే స్థలం, ఖర్చులకు డబ్బు దొరికాయి. పోయిన బొమ్మను మళ్లీ గీయమని ఎవరూ అడగలేదు, పని సాగించమన్నారు. (బాగుచేత ముగింపుకొస్తుండగా 2018 జూన్ 15న అదే భవనం మళ్లీ కాలింది. కారణం తేలనే లేదు.)

మస్కట్‌లో మనకు అంత పెద్ద పథకం అక్కర్లేదు. స్నేహితుల హాల్లో ఒక బల్ల, అరువిచ్చిన ఒక మిషను, వారానికి మూడు మధ్యాహ్నాలు చాలు. ఇవ్వదలచినవారు "ఏదైనా కావాలంటే చెప్పు" అని ఊరుకోకుండా, "మంగళవారం నుంచి మా బల్ల నీది" అంటే పని జరుగుతుంది.

పోయినవాటిలో కొన్ని తిరిగొస్తాయి కూడా. సూర్‌లో చెక్క పడవలు కట్టే ఒమానీ ఉస్తాదులు నక్షా కాగితం లేకుండా, కంటి కొలతతోనే కట్టేవారని ప్రసిద్ధి. వాళ్ల షెడ్డు కాలినా పడవ ఆకారం కాలదు. మనకూ అలాంటిది కొంత చేతుల్లోనే ఉంటుంది. కొండపల్లి బొమ్మలవారికి రంపపు పొట్టు, చింతగింజల పొడితో మక్కు ఏ పాకాన కలపాలో పుస్తకం చూడాల్సిన పనిలేదు. చేతుల్లో లేని మిగతాది ఇతరుల దగ్గర ఉంటుంది. మీరు కుట్టిన జాకెట్లు నలభై ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. మీ పిల్లల అరంగేట్రం ఫొటోలు వాళ్ల అమ్మల ఫోన్లలో ఉన్నాయి. వాట్సాప్‌లో ఒక్క సందేశం: "నేను చేసినవి ఏవున్నా దగ్గర నుంచి ఫొటో తీసి పంపండి." వారంలో సగం డిజైన్లు తిరిగొస్తాయి. రంగుల లెక్కలు, కొలతలు మాత్రం జ్ఞాపకం చెదరక ముందే కూర్చుని రాసుకోవాలి. నిద్రపట్టని రాత్రులకు అదీ ఒక పని.

ఇక ఒమన్ సంగతులు. మంట చూడగానే 9999కు ఫోన్ చేయాలి. సివిల్ డిఫెన్స్ వాళ్లు లోపలికి వెళ్లొచ్చని చెప్పేదాకా "ఆ పెట్టె ఒక్కటి తెచ్చుకుంటా" అనకూడదు. ప్రమాద నివేదిక ప్రతి తీసుకుని, ఏదీ ఊడ్చేయకముందే ఫొటోలు తీయాలి. ఇంటి యజమానికి బీమా ఉన్నా సాధారణంగా అది భవనానికే. మీ మిషను, పట్టుచీరలు, జరీ అందులోకి రావు. అద్దెకున్నవారు తమ సామానుకు వేరే పాలసీ తీసుకోవాలి. ఇంట్లో నడిపే పనికి అది వర్తిస్తుందో లేదో ముందే అడిగి రాతలో తీసుకోవాలి.

ఇంకొకటి మనవాళ్లు తరచూ మర్చిపోతారు. ఎంత మంచి మనసుతోనైనా ఒమన్‌లో అనుమతి లేకుండా బహిరంగంగా చందాలు వసూలు చేయడం నేరం. గ్రూపులో "తలా ఐదు రియాళ్లు" అని పోస్టు పెడితే సాయం చేయబోయినవారే చిక్కుల్లో పడతారు. సాంఘికాభివృద్ధి మంత్రిత్వ శాఖ అనుమతి ఉన్న సంస్థల ద్వారానే వెళ్లాలి. దానికన్నా సులువైన దారి ఆర్డరివ్వడం. దసరాకు కావాల్సిన జాకెట్టు ఇప్పుడే చెప్పండి, అడ్వాన్సు ఇవ్వండి, గడువు మాత్రం అడగకండి.

కాలని గది ఉన్నవారికి ఈ శుక్రవారం ఒక గంట పని. నోటుపుస్తకం ప్రతి పేజీ, ట్రేసింగ్ కాగితాలు, పెట్టెలో నగలు, మిషన్ల రసీదులు ఫోన్‌తో ఫొటోలు తీసి, ఊళ్లో ఉన్న అక్కకో తమ్ముడికో పంపేయండి. థిన్నర్ డబ్బా మాత్రం ఇవాళే ఆ గదిలోంచి తీసేయండి.