తెర నల్లబడితే తొందరపడకండి

బదిలీల మీద తిరిగే మన ఇళ్లలో లాప్‌టాప్ చదువు కోసం మాత్రమే కాదు. వదిలి వచ్చిన ఊళ్లు, బళ్లు, స్నేహితులు అందులో ఫొటోలుగా ఉంటారు. నాన్నగారి బదిలీతో విశాఖపట్నం నుంచి సూరత్ జిల్లా పల్సానాకు వచ్చిన మా ఇంట్లోనూ అంతే. ఒక శనివారం రాత్రి ఆ లాప్‌టాప్ తెర నల్లబడింది. ఎందుకలా అయిందో, ఎలా బాగుచేసుకున్నామో చెబితే మీలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

మేం అక్కాతమ్ముళ్లం. పదకొండో తరగతి ఒకరు, ఎనిమిదో తరగతి ఒకరు. అక్క పైథాన్ ప్రాజెక్టు మంగళవారం చూపించాలి. దాని కోసం విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన ఉబుంటు 24.04 వేశాం. ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకుని, ఆన్ చేసినప్పుడల్లా కావలసినదాన్ని ఎంచుకోవడాన్ని డ్యూయల్ బూట్ అంటారు. ఇన్‌స్టాలేషన్ సజావుగానే ముగిసింది. రీస్టార్ట్ చేయగానే గ్రబ్ అనే మెనూ వచ్చింది. ఉబుంటు ఎంచుకున్నాం. అంతే, తెర నల్లగా అయిపోయి కదల్లేదు.

ఫోన్ చేస్తే ఒక స్నేహితుడు, "డిస్క్ మొత్తం చెరిపేసి మళ్లీ వేసేయండి" అన్నాడు. మేమూ సిద్ధపడ్డాం. ఫొటోలకు ఇంకో కాపీ లేదన్న సంగతి ఆ కంగారులో గుర్తే రాలేదు.

అప్పుడే పక్కింటి బాబాయ్ వచ్చారు. ఆయనది కరీంనగర్ వైపు. ఇక్కడి బట్టల మిల్లులో పని. తెలంగాణ నేత కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా సూరత్‌కు వస్తున్నాయి. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. మాకు గుజరాతీ రాని రోజుల్లో కూరగాయల బండి దగ్గర ఆయనే దుబాసీ. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలియదు. అయినా మా మాటలు విని, "మగ్గం ఆగిందని మగ్గం అమ్ముకుంటమా బిడ్డా? ఏ పోగు తెగిందో చూస్తం గదా" అన్నారు. ఆ మాటతో ఆగాం. తెగిన పోగు వెతకడం మొదలుపెట్టాం.

మొదట విండోస్ తెరిచి చూశాం. తెర చక్కగా వెలిగింది. ఫొటోలన్నీ ఉన్నాయి. అంటే తెర పాడవలేదు, డిస్క్ పాడవలేదు. ముందుగా ఫొటోలను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాం.

మరి ఉబుంటులో మాత్రమే చీకటి ఎందుకు? గ్రాఫిక్స్ చిప్‌ది ఒక భాష, ఆపరేటింగ్ సిస్టమ్‌ది ఇంకో భాష. వాటి మధ్య దుబాసీ పేరే డ్రైవర్. విండోస్‌కు చెప్పే దుబాసీ ఉబుంటుకు పనికిరాడు. ఉబుంటుకు వేరే డ్రైవర్ ఉండాలి. అన్ని కంపెనీలూ తమ చిప్ భాషను పూర్తిగా బయటపెట్టవు. అలాంటప్పుడు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చిప్ తీరును గమనించి డ్రైవర్ రాస్తారు. ఎన్‌విడియా చిప్‌ల కోసం అలా పుట్టిన డ్రైవర్ పేరు నూవో. ఫ్రెంచి భాషలో ఆ మాటకు 'కొత్త' అని అర్థం. 2022 మే నెలలో ఎన్‌విడియా కూడా తన లినక్స్ డ్రైవర్‌లోని కెర్నల్ భాగం కోడ్‌ను అందరికీ తెరిచింది.

ఇక మళ్లీ ఉబుంటులోకి వెళ్లాం. తెర నల్లగా ఉన్నా క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే అక్షరాల తెర వచ్చి యూజర్ పేరు అడిగింది. సిస్టమ్ బతికే ఉంది. బొమ్మ చూపించడమే చేతకావడం లేదు.

తర్వాత ప్రథమ చికిత్స. గ్రబ్ మెనూలో ఉబుంటు వరుస మీద ఉండి 'ఇ' అక్షరం మీట నొక్కాం. లినక్స్ అన్న పదంతో మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి, నో, మోడ్, సెట్ అనే మూడు ఇంగ్లీషు పదాలను కలిపి చిన్న అక్షరాల్లో టైపు చేశాం. ఎఫ్10 నొక్కగానే ఉబుంటు తెరుచుకుంది! చిప్ డ్రైవర్‌తో పని లేకుండా, బయోస్ సిద్ధం చేసిన సాదా తెరతోనే సర్దుకోమని ఆ మాటకు అర్థం. అందుకే బొమ్మ పెద్దగా, మొరటుగా కనిపిస్తుంది. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. కట్టు లాంటిది, మందు కాదు.

మందు 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్'లో దొరికింది. అందులో 'అడిషనల్ డ్రైవర్స్' అనే పుట ఉంటుంది. మన చిప్‌కు సరిపోయే డ్రైవర్లను అది చూపిస్తుంది. 'టెస్టెడ్' అని ఉన్నదాన్ని ఎంచుకున్నాం. కొత్త ఇంట్లో ఇంకా ఇంటర్నెట్ పెట్టించలేదు కాబట్టి అమ్మ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ ద్వారా దించుకున్నాం. మధ్యలో అది ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంది. పెట్టాం.

ఇక్కడే మేం పొరపాటు చేశాం. రీస్టార్ట్ చేయగానే ఒక నీలి తెర వచ్చింది. ఏదో తప్పు జరిగిందని భయపడి, చదవకుండానే 'కంటిన్యూ బూట్' నొక్కేశాం. ఈసారి తెర వెలిగింది కానీ బొమ్మ అలాగే మొరటుగా ఉంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ ఎదురుగా చిప్ పేరు కనబడలేదు. గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పనిని ప్రాసెసర్ మోస్తోందని దాని అర్థం.

కారణం సెక్యూర్ బూట్. నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రాములను మొదట్లోనే ఆపే కాపలా అది. కొత్త డ్రైవర్ మీద ఉన్న సంతకాన్ని నమ్మవచ్చని యజమానిగా మనం చెప్పాలి. ఆ నీలి తెర అడిగింది అదే. 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని, ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ అవకాశం వదిలేస్తే అర్జీ రద్దవుతుంది. మోక్‌యుటిల్ అనే పనిముట్టుతో మళ్లీ అర్జీ పెట్టి, ఈసారి చదివి నమోదు చేశాం. తర్వాతి బూట్‌లో తెర అద్దంలా మెరిసింది. సెట్టింగ్స్‌లో చిప్ అసలు పేరు కనిపించింది. మంగళవారం ప్రాజెక్టు చూపించాం కూడా.

సెక్యూర్ బూట్‌నే ఆపేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఆపవచ్చు. కానీ విండోస్ డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే, ఆ మార్పు చూసి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది దగ్గర లేకపోతే విండోస్ వైపు ఫైళ్లు తెరుచుకోవు. కాబట్టి బయోస్‌లో దేన్ని ముట్టుకున్నా ముందు ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి.

మాకు ఆలస్యంగా తెలిసినవి ఇంకో రెండు. ఇన్‌స్టాల్ చేయడానికి ముందే పెన్‌డ్రైవ్ నుంచి 'ట్రై ఉబుంటు' నడిపి చూస్తే, తెర వెలుగుతుందో లేదో చాలావరకు అప్పుడే తెలుస్తుంది. రెండోది, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఏం చేశారో నోటుపుస్తకంలో రాయండి. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

కొత్త ఊరికి వెళ్లిన ప్రతిసారీ మొదటి వారం మనకూ ఏమీ అర్థం కాదు. ఊరు చెడ్డదై కాదు, దుబాసీ ఇంకా దొరక్క. కంప్యూటర్ తెర నల్లబడినా అంతే. చెరిపేసే బటన్ జోలికి పోకుండా, ముందు ఏ పోగు తెగిందో చూడండి.