చౌటుప్పల సీమ నీటి మొర చట్టసభకు చేరిన విధము

చౌటుప్పలు అను పేరు వినగానే చౌడును ఉప్పును రైతు తలపునకు వచ్చును. పేరు పుట్టుక యెట్టిదైనను, ఈ మిట్టసీమ ప్రజలను తరతరములుగ బాధించినది పైనేలలోని చౌడు కంటెను లోనేలలోని నీరే. నల్లగొండ జిల్లా క్రింద పరచుకొనియున్న గ్రానైటు రాతిలో ఫ్లోరైడు గల ఖనిజము లున్నవి. వాననీరు రాతి నెఱ్ఱెలలోనికి దిగి, అచ్చట చిరకాలము నిలిచి, ఆ ఫ్లోరైడును తనలో కరగించుకొనును. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించి అది యుండరాదని ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును, కీళ్లు బిగిసిపోవును, వెన్ను వంగును. వంగిన యెముకను తిరిగి నిలబెట్టు మందు లేదు. నీరు మార్చుట యొక్కటే మార్గము.

ఈ సంగతులు మన సభ్యులలో పెద్దలకు క్రొత్తవి కావు. కనుక మేము వ్రాయబూనినది రోగమును గూర్చి కాదు. ఒక చిన్న సీమ తన బాధను చట్టములు చేయువారి చెవిని వేయుటకు ఏయే దారులు త్రొక్కెను, ఏ దారి ఎంతదాక పోయెను అనునదియే మా ప్రస్తావము. సహకార సంఘ సభ్యులు దీనిని తెలిసికొనుట మిక్కిలి యవసరమని మా యభిప్రాయము. ఏలయన నీరును సహకార సంఘములును రెండును రాజ్యాంగములో రాష్ట్రముల జాబితాలో నున్నవి. మన బావి మాటయు మన సంఘపు మాటయు తేలవలసినది హైదరాబాదులోని శాసనసభలోనే. చౌటుప్పలునుండి అచ్చటికి విజయవాడ బాటమీద ఏబది కిలోమీటర్లు. బస్సుకు అది దూరము కాదు, అర్జీకి మాత్రము మిక్కిలి దూరమే.

రోగము తెలియక ఆలస్యమైనదని యనుటకు వీలులేదు. మన దేశములో ఎముకల ఫ్లోరోసిసు 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో గుర్తింపబడెను. నల్లగొండ జిల్లాలోని రోగులను గూర్చి 1945లోను 1955లోను వైద్య పత్రికలలో వ్రాతలు వెలువడినవి. తరువాత నాగపురములోని పరిశోధనాలయమువారు పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని కనిపెట్టి, దానికి నల్లగొండ పద్ధతి యని నామకరణము చేసిరి. అన్యదేశములలోని గ్రంథములలోను ఆ పేరు కనబడుచున్నది. పద్ధతికి జిల్లా పేరు దక్కినది గాని, జిల్లాకు నీరు దక్కలేదు.

వైద్యులకు తెలిసిన సంగతి సర్కారునకు ఏల తగులలేదు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 294 స్థానము లుండెను. అందులో ఈ మిట్ట తాలూకాల తరఫున మాటాడువారు చేతి వ్రేళ్లతో లెక్కింపదగినంతమంది. ఫ్లోరోసిసు ఒక్కనాడు వేయిమందిని చంపు మహమ్మారి కాదు. మెల్లగా వంచును, మెల్లగా కుంటివానిని చేయును. వరద వచ్చిన చోటికి మంత్రులు పరుగెత్తుదురు. వెన్ను వంగిన వాడలోనికి పరుగెత్తవలసిన తొందర యెవరికిని కనబడదు.

ఈ స్థితిలో 1996లో లోక్‌సభ ఎన్నికలు వచ్చెను. దుశ్చర్ల సత్యనారాయణగారు నడపిన జలసాధన సమితి ఒక విచిత్రమైన ఉపాయము పన్నినది. ఓట్లను బహిష్కరించినచో పత్రికలలో ఒక్కదినము వార్త వచ్చి మాసిపోవును. కాబట్టి ఎన్నికలు మానుటకు బదులు, అందరును ఎన్నికలలో నిలువవలెనని తలపెట్టిరి. ఆనాడు లోక్‌సభకు నిలుచువారు కట్టవలసిన డిపాజిట్టు 500 రూపాయలు మాత్రమే. ఫ్లోరైడు బాధను, సేద్యపునీటి కొరతను లోకమునకు చాటుటకై సామాన్యులు వందలకొలది నామినేషనులు వేసిరి. తుదకు నల్లగొండ స్థానమునకు నిలిచినవారు 480 మంది!

ఓటు చీటి కాగితపు తునుక కాక ఒక పుస్తకమయ్యెను. గుర్తులు వెదకుట, పెట్టెలు సమకూర్చుట, లెక్కింపు ఏర్పాట్లు, అన్నియు అధికారులకు దుర్ఘటమయ్యెను. పోలింగును వాయిదా వేయవలసి వచ్చెను. పిదప జరిగిన ఎన్నికలో బొమ్మగాని ధర్మభిక్షముగారు గెలిచిరి. కాని ఆ యేడు నల్లగొండ పేరు దేశమంతటికి తెలిసినది గెలిచినవారి వలన గాక, గెలువమని తెలిసియు నిలిచినవారి వలననే. అదే సంవత్సరమున తమిళనాడులోని మొదకురిచ్చి శాసనసభా స్థానమునకు రైతులు మొదలగువారు 1,033 మంది నిలిచిరి. కర్ణాటకలోని బెల్గాములో 456 మంది.

ఇచ్చట రైతులు నిలిచి ఆలోచింపవలసిన విశేష మున్నది. ఈ మొరకు ముందుగా బదులు చెప్పినది పార్లమెంటు. ఆ బదులు నీటిని గూర్చినది కాదు! 1996లోనే ప్రజాప్రాతినిధ్య చట్టమును సవరించి, లోక్‌సభ డిపాజిట్టును 500 నుండి 10,000 రూపాయలకును, శాసనసభ డిపాజిట్టును 250 నుండి 5,000కును పెంచిరి. షెడ్యూల్డు కులములు, తెగల వారికి అందులో సగము. గుర్తింపు పొందిన పార్టీ వెనుక లేనివానికి ఇంతకు మునుపు ఒక్కడు ప్రతిపాదించిన చాలును. ఇకమీదట పదిమంది ప్రతిపాదింపవలయును. మరల 2010 నుండి ఆ డిపాజిట్టులు 25,000కును 10,000కును ఎక్కినవి. ఇల్లు కాలుచున్నదని కేక వేసినవారికి, కేకలు వేయుటకు రుసుము పెంచినట్లయ్యెను. అధికారుల చిక్కు నిజమే, మేము కాదనము. పుస్తకమంత ఓటు చీటితో ఎన్నిక నడపుట కష్టమే. అయినను చట్టము చేయువారికి అడ్డు తగిలినదేదో దానిని వారు వెంటనే తీసివేసికొనిరి. ఆ అడ్డునకు మూలమైన నీటి సంగతి వేరొక శాఖ పని యై నిలిచిపోయెను.

అటులని ఆ 480 మంది శ్రమ వ్యర్థమైనదని మేము తలపము. ఫ్లోరైడు అను మాట అటుపిమ్మట ప్రతి యెన్నికలోను నాయకుల నోట వినబడుచునే వచ్చినది. నాగార్జునసాగరము వెనుక నీటిని ఎత్తిపోసి జిల్లాకు తెచ్చు పథకము, దానికి అలిమినేటి మాధవరెడ్డిగారి పేరు పెట్టిరి, కొన్ని గ్రామములకు త్రాగునీటిని సేద్యపునీటిని ఇచ్చెను. శ్రీశైలము ఎడమగట్టు సొరంగము మాత్రము దశాబ్దములు గడచినను ముగియలేదు. 2025 ఫిబ్రవరి 22వ తేదీన దాని కప్పు కూలి యెనమండుగురు పనివారు లోపల చిక్కుకొనిన దుర్ఘటన మన మెరిగినదే. ప్రత్యేక రాష్ట్రము వచ్చిన పిదప, 2015 జూన్ 8వ తేదీన, ఇంటింటికి త్రాగునీరిచ్చు పథకపు స్తంభమును చౌటుప్పలులోనే ముఖ్యమంత్రిగారు ఆవిష్కరించిరి. మిషన్ భగీరథ యని దానికి పేరు. అందులకు ఈ ఊరినే యెన్నుకొనుట ఊరక జరుగలేదు. ఇరువది యేండ్ల మొరకు అది గుర్తు.

ఆ సంవత్సరముననే, గొట్టములు వేయుటకై రైతుల భూములలో వినియోగపు హక్కును సర్కారు పొందునట్లు శాసనసభ ఒక చట్టము చేసెను. నీరు వచ్చుట అందరికిని సంతోషమే. కాని గొట్టము పోవు చేనుగల రైతు, ఆ గట్టున చెట్టు నాటవచ్చునా, బావి త్రవ్వవచ్చునా, పంట నష్టమునకు పరిహార మెవరిని అడుగవలయును అను ప్రశ్నలు గొట్టము వచ్చిన తరువాతనే అడిగెను. బిల్లు సభ ముందున్న దినములలో అడిగినవా రెందరు?

చౌటుప్పలు మండలములోని దండుమల్కాపురమున ఫ్లోరోసిసు పరిశోధనా కేంద్రము కట్టెదమని వాగ్దానము చేసి స్థలమును చూపిరి. 2022 నవంబరులో జరిగిన మునుగోడు ఉప ఎన్నిక నాటికిని అచ్చట కట్టడము లేవలేదు. వాగ్దానమునకు బడ్జెటులో పద్దు సంఖ్య పడవలయును. పడనంతవరకు అది మాటయే.

ఇక రెండవ దారిని గూర్చి చెప్పెదము. ఇది మన సహకారుల సొంత కథ. 1964 నాటి సహకార చట్టము క్రింద సంఘములపై రిజిస్ట్రారునకు గల అధికారము మితిమీరినదని, పాలకవర్గములను తీసివేయుట, ఎన్నికలు వాయిదా వేయుట సర్కారు చేతిలో నున్నంతకాలము సంఘము సభ్యులది కాదని, మన ప్రాంతపు సహకారులు చాల కాలము వాదించిరి. 1991లో చౌధరి బ్రహ్మప్రకాశ్ సంఘము ఒక నమూనా చట్టమును దేశము ముందుంచెను. హైదరాబాదులోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషను, దానినే సహవికాస యందురు, ఊరూర సంఘములతో చర్చించుచు, శాసనసభ్యులకు తెలియజెప్పుచు, అట్టి చట్టము ఇచ్చటను రావలయునని పట్టుపట్టెను. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చెను. సర్కారు వాటాధనము లేని సంఘము తన కట్టుబాట్లు తానే చేసికొని, తన ఎన్నికలు తానే జరుపుకొను స్వాతంత్ర్యము దానివలన కలిగెను. తరువాత ఇతర రాష్ట్రములును కొన్ని ఇట్టి చట్టములు చేసికొనినవి.

ఆ చట్టమును కాపాడుకొనుట వేరొక పని యైనది. 2006లో సర్కారు దానిని సవరించి పాల సంఘములను మరల 1964 చట్టము క్రిందికి లాగబోగా, సంఘములవారు న్యాయస్థానమున కెక్కిరి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసెను. 2011 సెప్టెంబరు 2వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపరచెను. వారు నామినేషనులు వేయలేదు, బాటలు కట్టలేదు. ఏ సెక్షను మార్చవలయునో, దాని స్థానమున ఏ వాక్యము ఉండవలయునో వ్రాసికొని పోయిరి. మా యెరుకలో శాసనసభ్యుడు ఎంత మంచివాడైనను, ‘మా కష్టము తీర్చుడు’ అను అర్జీని జేబులో పెట్టుకొనును. ‘ఈ సెక్షనులో ఈ మాట చేర్చుడు’ అను కాగితమును చేతిలో పట్టుకొని లేచి నిలుచును.

రైతుకు దగ్గరి యుదాహరణ నొకటి చూపెదము. 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము సార్వజనిక త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల అనుమతి లేక సేద్యపు బోరు వేయరాదు. నియమము న్యాయమైనదే. కాని ఆ త్రాగునీటి బావిలో ఫ్లోరైడు హెచ్చుగా నుండి, ఊరివారు దానిని విడిచి కుళాయి నీటికి మారియుండిన, ఆ బావి చుట్టు నిషేధమును అదే తీరున ఉంచవలయునా, లేక పరీక్ష చేసి సడలింపవచ్చునా? ఇట్టి ప్రశ్న రాజధానిలోని గుమాస్తాకు తోచదు. మన సంఘపు సభ్యునికే తోచును. దానిని సంఘ సమావేశములో తీర్మానముగా వ్రాసి, ఎన్ని బావులకు ఇది వర్తించునో పట్టిక జతచేసి, శాసనసభ్యుని చేతిమీదుగా సభయొక్క అర్జీల కమిటీకి పంపినచో అది విచారణకు తగిన కాగిత మగును. సభ్యుడు దానినే సభలో ప్రశ్నగా వేయవచ్చును. ప్రశ్న వేసిన మంత్రి వ్రాతమూలకముగ బదులియ్యవలయును, ఆ బదులు రికార్డులో నిలుచును. శాసనసభలో 119 మందియు, పరిషత్తులో 40 మందియు నున్నారు గనుక, మన సభ్యుని ఒక్కనినే నమ్ముకొనక, ఇట్టి నీరే త్రాగుచున్న పొరుగు తాలూకాల సభ్యులకును అదే కాగితమును పంపుట మేలు. చట్టమైన పిమ్మట వచ్చు నిబంధనలను గూర్చియు కన్నువేసి యుండవలయును. పెక్కు చిక్కులు చట్టములో గాక నిబంధనలలో దాగియుండును.

చౌటుప్పలువారికి మరియొక మార్పు కలిగినది. 2018లో ఊరు పురపాలక సంఘమయ్యెను. చుట్టునున్న కొన్ని గ్రామములు అందులో కలిసెను. వీధిదీపములు వచ్చునని కొందరు సంతసించిరి, పన్నులు హెచ్చునని కొందరు కలతపడిరి. ఈ రెంటికంటె ముఖ్యమైనది పోయినది గ్రామసభ. పంచాయతీలో ప్రతి ఓటరును కూర్చుండి తీర్మానము చేయు హక్కు గలవాడు. పురపాలకములో 2019 చట్టము ప్రకారము వార్డు కమిటీలున్నవి, యువకులకు, స్త్రీలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగ, ఒక్కొక్కదానిలో పదునైదుగురు. ఆ కమిటీలలో రైతులు చేరియుండనిచో, పట్టణపు టెల్లలలో మిగిలియున్న చేల మాట చెప్పువా రుండరు. గ్రామీణ ఉపాధి పనులును పట్టణమునకు వర్తింపవు.

కర్మాగారములు పెరుగుచున్న ఈ బాటమీద భూగర్భజలమును గూర్చిన వివాదములు ఇకముందు ఫ్లోరైడుతోనే ఆగవు. పెద్ద కర్మాగారమునకు పర్యావరణ అనుమతి నిచ్చుటకు ముందు జరుపవలసిన బహిరంగ విచారణకు ముప్పది దినముల ముందుగా ప్రకటన చేయవలయునని 2006 నాటి కేంద్ర ఉత్తరువు. ఆ సభలో పలికినది వ్రాతలో చేరును. కేకలు వేసి లేచిపోయినవాని మాట వ్రాతలో చేరదు. నీటి పరీక్ష కాగితమును చదివి యిచ్చినవాని మాట చేరును.

ఆ కాగితమునకు నీటిని పట్టు విధము చెప్పెదము. ఒక లీటరు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసికొనుడు. గాజు సీసా వలదు. బోరును కొన్ని నిమిషములు నడిపిన పిమ్మట ఆ నీటితోనే సీసాను ముమ్మారు కడిగి నింపుడు. దానిపై ఊరు, సర్వే నంబరు, బోరు లోతు, తేదీ వ్రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపుడు. వేసవిలో ఒకసారి, వానలు వెనుకబడిన పిదప ఒకసారి పట్టవలయును. రెండు పరీక్షల అంకెలును ఒకే పట్టికలో వ్రాసి, సంఘపు తీర్మానముల పుస్తకములో అంటించి యుంచుడు.