అరుపు కన్నా మౌనమే ప్రమాదకరం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సులలో సేవలందించే అత్యవసర వైద్య సిబ్బందికి శిక్షణలో ముందుగా అలవడవలసినది క్రమం. ఘటనా స్థలం సురక్షితమని నిర్ధారించుకున్నాకే క్షతగాత్రులను సమీపించాలి. పలువురు గాయపడినచోట బిగ్గరగా అరుస్తున్న వ్యక్తికి ఊపిరి ఆడుతున్నట్లే. చలనం లేకుండా పడి ఉన్నవారినే ముందుగా పరిశీలించాలి.

స్పృహ కోల్పోయి శ్వాస ఆగిన పెద్దలకు ఛాతీ మధ్యభాగంలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. శిక్షణ పొందినవారు ప్రతి 30 నొక్కులకు 2 సార్లు శ్వాస అందిస్తారు. రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన వస్త్రంతో అదిమిపట్టాలి. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే కదపరాదు. స్పృహ లేనివారికి నీరు తాగించరాదు.

108కు ఫోను చేసి, వాహనం వచ్చేలోగా సామాన్యులూ ఛాతీపై నొక్కడం, రక్తస్రావాన్ని ఆపడం చేయవచ్చు. రోడ్డు ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సాయపడేవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పిస్తోంది.